అయిదు మీటర్ల సాక్ష్యం

తుపాను వెళ్ళిన పన్నెండో రోజున జిల్లా కేంద్రంలో ఒక కోడిపుంజు వల్ల పెద్ద గొడవ జరిగింది. కూలిన ఇళ్ళకు సాయం కోరుతూ వచ్చిన దరఖాస్తుల్లో నలభై రెండింటికి జతచేసిన ఫోటో ఒక్కటే. అదే విరిగిన తలుపు, ఆ తలుపు మీద అదే ఎర్ర పుంజు. దరఖాస్తుదార్ల ఊళ్ళు వేరు, ఇంటిపేర్లు వేరు, పుంజు మాత్రం ఒకటే. పై అధికారులు ఆ పుంజును చూసి మండిపడి, ఇలాంటివి మళ్ళీ జరక్కుండా వెంటనే ఒక కొత్త ఆఫీసును పుట్టించారు. దాని పేరు ‘తుపాను నష్ట సాక్ష్య నిర్ధారణ విభాగం’. దానికి ప్రత్యేకాధికారి చిదానందం గారు.

చిదానందం గారు అంతకు నెల్లాళ్ళ ముందే రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చారు. అక్కడ వాళ్ళను ఒక ప్రకటనల స్టూడియోకు తీసుకెళ్ళి చూపించారు. కెమెరాకు ఒక తీగ, ఆ తీగ రెండో కొస కంప్యూటరుకు. ఇక్కడ నొక్కితే అక్కడ తెరమీద బొమ్మ పడుతుంది. మధ్యలో ఎవరి చెయ్యీ తగలదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవరి చెయ్యీ తగలని కాగితాన్ని చిదానందం గారు చూసి ఎరగరు. ఆయన కళ్ళు చెమర్చాయి. కొత్త ఆఫీసు చేతికి రాగానే ఆయన చేసిన మొదటి పని ‘బంధిత ఛాయాచిత్ర విధానం’ పేరుతో ఒక ఉత్తర్వు జారీ చేయడం. ఆఫీసు కంప్యూటరుకు తీగతో కట్టి ఉన్న కెమెరాతో తీసిన ఫోటో తప్ప మరే ఫోటో చెల్లదని దాని సారాంశం.

ఆ కెమెరా పట్టడానికి కాంట్రాక్టు మీద వచ్చినవాడు వాసంశెట్టి నూకరాజు. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాడు. వధూవరుల ముందు వెనక్కి నడిచీ నడిచీ, చూడకుండానే పందిరి రాటను తప్పుకోవడం అతనికి అబ్బింది. తుపానుకు స్టూడియో రేకులు లేచిపోయాయి, మూఢం వచ్చి ముహూర్తాలూ పోయాయి. తీగ పెట్టి తీయడం అతనికి కొత్త కాదు. నగల కొట్టు వాళ్ళ పుస్తకానికి అలాగే తీశాడు. తప్పు ఎక్కడుందో పెద్ద తెర మీద అప్పటికప్పుడే కనిపిస్తుంది కాబట్టి మంచి పద్ధతేనని అతని అభిప్రాయం. అయితే నగలు బల్ల మీదికి వస్తాయి.

అందుకే మొదటి రోజున అతను చేతులు కట్టుకుని అడిగాడు. “అయ్యా, తీగ అయిదు మీటర్లుందండి. ఇళ్ళేమో ఏటి మధ్య లంకల్లో ఉన్నాయి. ఎలాగండి మరి?”

“తీగ పొడవు ఉత్తర్వులోనే నిర్దేశించబడినది” అన్నారు చిదానందం గారు.

“ఇంకో తీగ అతికిస్తే…”

“అతుకున్నచోట అసత్యము దూరుటకు అవకాశము కలదు.”

“పోనీ ల్యాప్‌టాపు పట్టుకెళ్దామాండి?”

“ల్యాప్‌టాపు కదులును. కదిలెడి సాక్ష్యము సాక్ష్యము కాదు. కార్యాలయపు కంప్యూటరు స్టాకు రిజిస్టరులో పదిహేడవ నంబరుగా నమోదై, ఈ గదికి చెందియున్నది. అది గది దాటరాదు.”

“తీగ లేకుండా గాల్లోంచి పంపే పరికరాలు కూడా వచ్చాయండి…”

చిదానందం గారు కళ్ళజోడు తీసి అతన్ని జాలిగా చూశారు. “గాలా? గాలి వలననే గదటయ్యా ఇళ్ళు కూలినవి!”

నూకరాజు గది చుట్టూ చూశాడు. కంప్యూటరు కిటికీకి ఆనుకుని ఉంది. కిటికీ చువ్వల మధ్యనుంచి తీగ బయటకు తీసి, ఊడిపోకుండా స్టాండు కాలికి గుడ్డపీలికతో కట్టి, మిగిలిన మూడున్నర మీటర్లలో ఆవరణలోకి నిలబడ్డాడు. సూపరింటెండెంటు అనసూయాదేవి గారు ముగ్గుపిండితో అక్కడొక అర్ధచంద్రాకారం గీయించారు. జిల్లాలో జరిగిన నష్టమంతా ఆ గీతకు కాస్త అవతల నిలబడాలి.

మొదటి వారం బాగానే గడిచింది. చెయ్యి విరిగినవాళ్ళు, తల పగిలినవాళ్ళు వచ్చి నిలబడ్డారు. మేకలు వచ్చాయి. చచ్చిన గేదెను రిక్షాబండి మీద తెచ్చారు. రెండో వారం నుంచి కొబ్బరిచెట్లు రావడం మొదలైంది. ఒక్కో ట్రాక్టరుకు మూడేసి చెట్లు. రైతు చెట్టును ఆవరణలో పడుకోబెట్టి, దాని పక్కన తానూ దిగులుగా నిలబడతాడు. నూకరాజు నొక్కుతాడు. లోపల అనసూయాదేవి గారు తెర మీద చూసి, “చెట్టు వచ్చింది, రైతు కళ్ళు మూశాడు, మళ్ళీ!” అని కేకేస్తారు.

మూడో వారం రోడ్ల ఇంజనీరు గారు ఒక గొయ్యిని తెచ్చారు. ఉత్తర్వు ప్రకారం గొయ్యి ఫోటో లేనిదే మరమ్మతు లేదు. ఆయన ఆ గొయ్యి చుట్టూ పది అడుగుల మేర రోడ్డును గట్టుతో సహా తవ్వించి, క్రేనుతో లారీలోకి ఎక్కించుకొచ్చారు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. అయితే ఆ గొయ్యి ఉన్నచోట ఇప్పుడు అంతకు నాలుగింతల గొయ్యి ఏర్పడిందనీ, బస్సులు ఆగిపోయాయనీ ఆయనే చెప్పారు.

“దానిని కూడ తీసుకొని రండు” అన్నారు చిదానందం గారు.

సరిగ్గా ఆ వారమే కుడుపూడి భూషణమ్మ వచ్చింది. గోగన్నలంక మనిషి, అరవై ఏళ్ళుంటాయి. భర్త పోయి పదేళ్ళయింది. పువ్వులు కట్టి రేవులో అమ్ముకుంటుంది. తుపాను రోజున రెండు పక్కల మట్టిగోడలు జారిపోయి, తాటాకు కప్పు నేలమీద బోర్లా పడింది. అప్పటినుంచి ఊళ్ళో బడి వరండాలో ఉంటోంది.

“బాబూ, నా ఇల్లు పడిపోయిందండి. పొటో తీయించుకు రమ్మన్నారు” అంది, గీత అవతల చెప్పులు విడిచి.

“ఇల్లు తెచ్చారాండి?” అని అడిగాడు నూకరాజు. అడిగాక తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వినిపించి చెవులు వేడెక్కాయి. ఇరవై రోజుల్లో ఆ ప్రశ్న అతనికి అంత అలవాటైపోయింది.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. “ఇంటినెలా తెత్తారు బాబూ? సోమారం నుంచి బడి తెరుత్తారంట. మేస్టారు మంచోరే గానీ, పిల్లలొచ్చాక నన్నెక్కడ ఉంచుతారు? ఈలోగా కాయితం తెస్తే పాక వేయిత్తానన్నారు పెసిడెంటుగారు.”

మర్నాడు ఆదివారం. నూకరాజు తన సొంత కెమెరా మెడలో వేసుకుని పడవెక్కి గోగన్నలంక వెళ్ళాడు. ఇల్లు నిజంగానే పడిపోయి ఉంది. తాటాకు కింద మంచం కోడు ఒకటి కనిపిస్తోంది. నాలుగు వైపులనుంచీ తీశాడు. భూషణమ్మను పక్కన నిలబెట్టి తీశాడు. కోళ్ళు ఏవైనా ఉన్నాయేమోనని చూసి తరిమేసి మరీ తీశాడు.

సోమవారం ఉదయం ఆ ఫోటోలను బల్లమీద పెడితే చిదానందం గారు వాటిని చేత్తో ముట్టుకోలేదు. పెన్సిలుతో తిరగేశారు.

“ఇవి తీయునప్పుడు కెమెరా దేనికి బంధింపబడి యుండెను?”

“నా మెడకండి.”

“మెడ స్టాకు రిజిస్టరులో లేదు. ఇవి అనాథ చిత్రములు. బిడ్డకు బొడ్డుతాడెట్లో చిత్రమునకు తీగ అట్లు. ఇవి ఎవరికి పుట్టినవో ఎట్లు తెలియును?”

“నేనే తీశానండి. కళ్ళారా చూశానండి ఆ ఇంటిని.”

“కన్ను మోసపోవును, నూకరాజూ. కన్నుకు తీగ లేదు.”

మధ్యాహ్నానికి అతనికి మెమో వచ్చింది. ‘విశృంఖల ఛాయాగ్రహణము’ అనే నేరం కింద సంజాయిషీ ఇమ్మన్నారు. నూకరాజు చదివి, దానికి అర్థం ఏమిటని అనసూయాదేవి గారినే అడిగాడు. ఆవిడ ఫైలు మీంచి తలెత్తకుండా, “తాడు తెంచుకుని ఫోటోలు తీయడం. సంజాయిషీ నేను రాసి పెడతాలే, నువ్వు సంతకం చెయ్యి” అన్నారు. మంచి మనిషి ఆవిడ. రూలును తప్పు పట్టరు, రూలు వల్ల ఇబ్బంది పడ్డవాళ్ళకు మంచినీళ్ళిస్తారు.

అదే రోజు సాయంత్రం భూషణమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి మరుదులిద్దరితో కలిసి, పడవ మీద రేవు దాటించి, ట్రాక్టరులో ఇంటిని తెచ్చింది. పదహారు బస్తాల గోడ మట్టి, దూలం, వాసాలు, తాటాకు, తలుపు. అంతా గీత పక్కన కుప్ప పోశారు. నూకరాజు తీశాడు. తెర మీద చూసి చిదానందం గారు తల అడ్డంగా ఊపారు.

“ఇందు మట్టి కలదు, కట్టెలు కలవు. గృహమేది? కూలుటకు ముందు ఇది గృహమని రుజువేమి?”

“ఇల్లే బాబూ, నేను కాపరానికొచ్చినప్పుడు కట్టింది” అంది భూషణమ్మ.

“నిలిచియున్న గృహమునకు ఒక చిత్రము, కూలిన గృహమునకు ఒక చిత్రము. రెండింటి నడుమ వ్యత్యాసమే నష్టము. ఇది గణితమమ్మా.”

బడి వరండా ఆ పొద్దునే ఖాళీ చేసేసింది ఆవిడ. చాప, గిన్నెలు ట్రాక్టరులోనే ఉన్నాయి. అవి చూసి నూకరాజుకు ఎక్కడలేని తెగింపూ వచ్చింది. ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు.

“అయ్యా, అయితే ఇక్కడే కట్టించేద్దామండి. నిలబడ్డప్పుడు ఒకటి తీస్తాను. తర్వాత మీ ఎదురుగా కూలినప్పుడు ఒకటి తీస్తాను. రెండూ తీగ మీదే పడతాయండి.”

వెటకారానికే అన్నాడు గానీ, అన్నాక కోప్పడతారేమోనని అతను భయపడ్డాడు. అసలు అర్థమే వేరుగా వెళ్ళింది. చిదానందం గారు కుర్చీలోంచి లేచి, “ఇన్ని దినములు ఈ మాట ఎవరికిని తోచలేదేమి!” అని అతని భుజం తట్టారు. అరగంటలో ‘పునర్నిర్మాణానంతర పతన ప్రదర్శన’కు అనుమతి ఇస్తూ ఉత్తర్వు తయారైంది.

నాలుగు రోజుల్లో ఇల్లు లేచింది. భూషణమ్మ మరుదులు పనివాళ్ళు. పైగా ఊళ్ళో ఇల్లు ఇసకనేల మీద ఉండేది, ఇక్కడ ప్రభుత్వ ఆవరణలో మంచి గట్టినేల. రాటలు రెండడుగుల లోతున పాతారు. భూషణమ్మ ఆఫీసు కుళాయి దగ్గర మట్టి తొక్కి గోడలు మెత్తి, పేడతో అలికి, గడపకు పసుపు రాసింది. అనసూయాదేవి గారు భోజనవేళ వచ్చి బొట్లు పెట్టారు. నూకరాజు నిలబడ్డ ఇంటిని ఫోటో తీశాడు. బొమ్మ తెర మీద మెరిసింది.

“ఇక కూలవలెను” అన్నారు చిదానందం గారు.

ఇల్లు కూలలేదు. ఆ రోజు అసలు గాలే లేదు. మర్నాడు కూడా లేదు. చేత్తో పడగొట్టడానికి వీల్లేదు. అది తుపాను నష్టం కాదు, విధ్వంసం అవుతుంది. చిదానందం గారు అగ్నిమాపక కేంద్రానికి లేఖ రాసి, ‘తుపానుకు సమానమగు జలధార’ కోరారు. ఎర్ర బండి గంట కొట్టుకుంటూ వచ్చి ముప్పావుగంట నీళ్ళు కొట్టింది. తాటాకు మీద నీళ్ళు జారిపోయాయి. మెత్తిన గోడలు తడిసి, ఎండి, ఇంకా బిగిశాయి. పక్కన ఆరబెట్టిన పాత ఫైళ్ళు మాత్రం పూర్తిగా కొట్టుకుపోయాయి. ఆ నష్టానికి ఫోటో తీయడం కుదరలేదు, ఎందుకంటే అవి కెమెరాకు అందనంత దూరం కొట్టుకుపోయాయి.

“ఏటండీ ఇది!” అంది భూషణమ్మ తన ఇంటిని చుట్టూ తిరిగి చూసుకుంటూ. ఆవిడ గొంతులో బాధ ఉందో గర్వం ఉందో నూకరాజు పోల్చుకోలేకపోయాడు. “తుపానుకి పడిపోయిన ఇల్లు, గవుర్మెంటోళ్ళు పడగొడదావంటే పడదేటండీ?”

అనసూయాదేవి గారు రూళ్ళ పుస్తకం తిరగేసి తేల్చారు. తీగ ద్వారా పడిన ఫోటోను చెరపడానికి ఎవరికీ అధికారం లేదు. అందులో ఇల్లు నిలబడి ఉంది. కాబట్టి రికార్డు ప్రకారం కుడుపూడి భూషణమ్మకు నిలబడి ఉన్న ఇల్లు ఒకటి ఉంది. అది ఆఫీసు కిటికీకి ఎదురుగా ఉంది. కనుక ఆవిడకు సాయం రాదు. అలాగే, రికార్డులో ఉన్న ఇంట్లోంచి ఆవిడను పొమ్మనడానికీ వీల్లేదు.

ఆ సాయంత్రమే భూషణమ్మ పొయ్యి వెలిగించింది.

వార్త లంకలన్నిటికీ పాకింది. పది రోజుల్లో ఆవరణలో మరో ఎనిమిది ఇళ్ళు లేచాయి. అందరూ కూలడానికే కడుతున్నామని రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. ఏదీ కూలలేదు. చిదానందం గారు రోజూ ఉదయం వాకిళ్ళలో ముగ్గులు తొక్కకుండా పక్కలనుంచి నడుచుకుంటూ ఆఫీసుకు వచ్చేవారు. దారిలో, “ఏమమ్మా, ఎప్పుడు కూలును?” అని మర్యాదగా అడిగేవారు. “చూద్దావండి” అనేవాళ్ళు ఆడవాళ్ళు అంతే మర్యాదగా.

నూకరాజు ఈ ఇళ్ళ మధ్య ఇరుక్కుపోయాడు. తీగ ఒకరి దండెం కింద నుంచి, ఇంకొకరి పొయ్యి పక్కనుంచి వెళ్ళాలి. పిల్లలు దాని మీద గెంతినప్పుడల్లా లోపల పోర్టు వదులై తెర నల్లబడేది. అయినా ఆ రోజుల్లో అతనికి కాస్త కుదురుగా ఉండేది. భూషణమ్మ వాకిట్లో కూర్చుని మల్లెపూలు కడుతూ, మధ్యమధ్య అతనికి చారునీళ్ళో మజ్జిగో ఇచ్చేది.

అప్పుడు రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. చిదానందం గారి విధానం అమోఘంగా ఉందని పైవాళ్ళు మెచ్చుకుని, దాన్ని రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు. ఇకమీదట ప్రతి ప్రభుత్వ ఆఫీసూ తాను ఉన్నట్టు ఆ విధానంలోనే ఫోటో తీసి, ఏడు రోజుల్లో పంపాలి. భవనం మొత్తం, పేరు బోర్డుతో సహా కనబడాలి. పంపని ఆఫీసులు లేనట్టుగా పరిగణింపబడతాయి.

చిదానందం గారు ఆ ఉత్తరాన్ని ఆనందంగా రెండుసార్లు చదివి, మూడోసారి చదువుతూ కూర్చున్నారు.

నూకరాజు తీగ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. కెమెరాలో ఒక కిటికీ, కాస్త గోడ, బోర్డులో ‘తు’ అనే అక్షరం పట్టాయి. ఇంకో పది మీటర్లు వెనక్కి వెళ్తేగానీ భవనం పట్టదు. వెనక్కి నడవడంలో ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది గానీ తీగ లేదు.

“పొడవు తీగ కొందామండి” అన్నాడు.

“పొడవు తీగ నిషిద్ధమని నేనే రాసితిని” అన్నారు చిదానందం గారు నీరసంగా.

భూషణమ్మ గోడకు పెద్ద అద్దం ఆనించి, అందులో ఆఫీసును పట్టే ప్రయత్నం చేశారు. బోర్డు తిరగబడి వచ్చింది. పైగా అద్దంలో అందరికంటే ముందు నూకరాజే కనిపించాడు. గీతకు అవతల ఆఫీసునే కొత్తగా కడదామంటే, ఆవరణలో జాగా లేదు. ఏడో రోజున కిటికీ ఫోటోనే పంపారు.

జవాబు నాలుగు వాక్యాల్లో వచ్చింది. జతపరచిన చిత్రమునందు ఒక కిటికీ మాత్రమే కలదు. కిటికీని కార్యాలయముగా గుర్తించుటకు నిబంధనలు అంగీకరింపవు. కావున సదరు కార్యాలయము ఆదినుండియు లేనట్లుగా భావింపవలెను. సిబ్బంది తమ పూర్వపు శాఖలకు వెళ్ళునది.

లేని ఆఫీసు ఇచ్చిన ఉత్తర్వులు కూడా లేనట్టే కాబట్టి, దరఖాస్తులన్నీ తాసీల్దారు గారికి వెళ్ళాయి. ఆవిడ కొత్తగా వచ్చిన మనిషి. ప్యాంటు మడిచి పడవెక్కి లంకలన్నీ తిరిగి, పడిన ఇళ్ళను చూసి, పడినవని రాసుకున్నారు. వారం రోజుల్లో భూషణమ్మకు గోగన్నలంకలో ఇల్లు మంజూరైంది. మరుదులు వచ్చి ఆవరణలోని ఇంటి కప్పు విప్పడం మొదలుపెట్టారు. ఆ తాటాకు ఇంకా బాగుందట, వంటపాకకు పనికొస్తుందట.

కెమెరా అప్పగించడానికి వచ్చిన నూకరాజు కూడా ఓ చెయ్యి వేశాడు. పెళ్ళిళ్ళ రోజులు మళ్ళీ వచ్చాయి. ఎల్లుండి అతనికి ముహూర్తం ఉంది.

అప్పుడు చిదానందం గారు తాసీల్దారు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. మనిషి చిక్కిపోయారు. ఆయన్ను పూర్వపు శాఖలో చేర్చుకోవడానికి, ఈ రెండున్నర నెలలూ ఎక్కడ ఉన్నారో రుజువు అడుగుతున్నారట. ఆఫీసే లేదు కాబట్టి హాజరు పుస్తకం చెల్లదు. అనసూయాదేవి గారు సంతకం పెడదామంటే, ఆవిడా అదే ఆఫీసులో లేనట్టు లెక్క. ఆ రోజుల్లో ఈ ఆవరణలో ఉండి, ఆ ఆఫీసు మనిషి కాకుండా, ఇంకా ఇక్కడే మిగిలింది ఒక్క భూషణమ్మే.

చిదానందం గారు వాకిలి ముందు నిలబడి, మొదటిసారిగా చెప్పులు విడిచారు. “అమ్మా, నన్ను మీరు చూచియున్నారు గదా? ఆ మాట… ఆ మాట కాస్త చెప్పండమ్మా.”

భూషణమ్మ పువ్వులబుట్ట పక్కన పెట్టి ఆయన్ను చూసింది. నూకరాజు తాటాకు విప్పడం ఆపాడు. ఈవిడకు ఎన్ని మాటలు అనే హక్కుందో అతనికి తెలుసు. ఆవిడ మాత్రం లోపలికి వెళ్ళి పీట తెచ్చి వేసింది.

“కూకోండి బాబూ” అంది. తర్వాత తాసీల్దారు గారి వైపు తిరిగింది. “రాసుకోండమ్మా. ఈ బాబు ఉన్నమాట నిజవే. ఆయ్. నా కళ్ళతో నేను సూశాను. రోజూ పదింటికల్లా వొచ్చేవోరు. సాయంత్రం దీపాలెట్టేదాకా ఉండేవోరు. ఒక్కరోజు నాగా లేదు.”

తాసీల్దారు గారు రాసుకున్నారు. చిదానందం గారు పీట మీద కూర్చుని కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

“మరి ఇక్కడ ఈయన ఏం చేసేవారమ్మా?” అన్నారు తాసీల్దారు గారు, కలం ఎత్తి.

భూషణమ్మ పువ్వులబుట్టను మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

“ఉన్నారని సెప్పానండి. అది నిజవే” అంది. “ఏం సేసేవోరో మాత్రం నన్నడక్కండి. తెలీంది సెప్పి, నా సేత అబద్ధపు సాచ్చికం ఇప్పించకండి.”